ఉప్పుటేటి దారి

సంవత్సరము గడచినదని గృహస్థుడు చెప్పుకొనునప్పుడు, ఏ సంవత్సరమును గూర్చి చెప్పుచున్నాడో ముందుగా విచారించుకొనవలసియుండును. కొట్టులో చిట్టా ఆవర్జాలు వ్రాయువానికి అది ఏప్రిలు 1వ తేదీన మొదలై మార్చి 31వ తేదీన ముగియును. పంచాంగము చూచువానికి చైత్రశుద్ధ పాడ్యమినాడు ప్రవేశించును. గోదావరి కాలువక్రింద వరి పండించువానికి కాలువకు నీరు వదలిన దినమే సంవత్సరాది. కొల్లేటి లంకలలో నివసించువాడు మాత్రము ఎగువనుండి ఎఱ్ఱనీరు దిగివచ్చిన నాటినుండి లెక్కించుకొనును. ఇవి గాక, ఎవరును కోరని సంవత్సరము మరియొకటి కలదు. ఇంటిపెద్ద కన్నుమూసిన తిథినాడు మొదలై మరల ఆ తిథి వచ్చువరకు సాగు ఆ కాలమును మావైపు ఏటిసూతకమందురు. ఈ లెక్కలన్నియు ఒకదానిపై నొకటి పడి నడచిన క్రోధి నామ సంవత్సరమును గూర్చి, అందు నా పనియు, నా కుటుంబమును, నా విశ్వాసమును ఏ తీరున ఒకదానినొకటి మోసికొనివచ్చినవో వ్రాయవలెనని కొంతకాలముగా మనసున నున్నది.

మా నాయనగారు 2024 ఫిబ్రవరి 29వ తేదీన, శోభకృత్ నామ సంవత్సర మాఘ బహుళ పంచమినాటి మధ్యాహ్నము, ఏలూరిలోని మా యింట పరమపదించిరి. ఇంగ్లీషు తేదీనిబట్టి చూచినచో ఆ దినము నాలుగేండ్లకుగాని తిరిగి రాదు. 2025 క్యాలెండరులో ఫిబ్రవరి 28వ తేదీ తరువాత మార్చి వచ్చునేగాని మా నాయనగారు పోయిన తేదీకి అందు చోటే లేదు. తిథి యట్లు కాదు. చాంద్రమాన సంవత్సరమునకు 354 దినములే గనుక ఆ పంచమి 2025 ఫిబ్రవరి 17వ తేదీ సోమవారమునాడు, క్యాలెండరుకంటె ముందుగానే, మా గుమ్మమున వచ్చి నిలిచెను. మనుష్యుని మృతిని స్మరించుటకు మన పెద్దలు తేదీని గాక చంద్రుని నమ్ముకొనుటలో ఎంత దూరదృష్టి యున్నదో ఆ యేడు నాకు అనుభవమునకు వచ్చినది.

ఆయన ఏలూరు జూట్ మిల్లులో చిరకాలము పనిచేసినవారు. గోనెసంచి నేతను వ్రేళ్ళతో తడిమి, అది ఎంత బరువు మోయగలదో, ఏ కుట్టుకడ పిగులునో చెప్పగల నేర్పు ఉద్యోగవిరమణానంతరము కూడ ఆయనను విడువలేదు. నేను తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో ఒక కమీషను కొట్టున గుమాస్తాగా కుదిరిన నాటినుండి, రాత్రి భోజనములైన తరువాత మా యిరువురి సంభాషణకును ఆ గోనెసంచియే ఆధారమయ్యెను. సరుకు ఏ సంచులలో వచ్చినది, ఎన్ని చినిగినవి, తడిసిన సంచిని ఎండలో బోర్లించిరా లేదా అని ఆయన అడుగుచుండిరి. తండ్రియు కొడుకును ప్రేమను మాటలలో పెట్టుకొనుట మా యిండ్లలో వాడుక లేదు. గోనెసంచి నడుమ నుండినందున మాకు ఆ యిబ్బంది తోచలేదు. ఆయన పోయిన తరువాత నేను కొట్టునుండి తెచ్చిన కబురులు వినువారు లేక, చాల రాత్రులు అవి నాలోనే నిలిచిపోయెడివి.

ఉల్లిపాయల వ్యాపారము ధరలతోడి వ్యాపారమని వెలుపలివారు తలంతురు. నిజమునకు అది తడితోడి వ్యాపారము. కర్నూలు ప్రాంతపు పాయ వానకాలములో పెఱికినది గనుక మేను పూర్తిగా ఆరకమునుపే లారీ యెక్కును. మహారాష్ట్రమునుండి వచ్చు వేసవిపాయ ఎండి గట్టిపడి నెలలతరబడి నిలువ యుండును. ఈ రెండింటి నడుమ గల భేదమే దళారి యొక్క విద్య, రైతుయొక్క భాగ్యము, గుమాస్తా యొక్క నిద్ర. నేడు కాటాపై పెట్టిన బస్తా రెండు దినములు గడచునప్పటికి ఆ తూకము తూగదు. అందుచేతనే మా ఆవర్జాలో తరుగునకు ప్రత్యేకముగా నొక గడి యుండును. తెల్లవారకమునుపే జట్టువారు లారీల నుండి బస్తాలు దింపుట, స్త్రీలు రాశుల చుట్టును కూర్చుండి కుళ్ళినవానిని, మొలకెత్తినవానిని వేరుచేయుట, ప్రొద్దెక్కగనే పాట సాగుట, పాట ముగిసిన తరువాత ఒక్కొక్క రైతు పేరను లెక్క కట్టి చేతికిచ్చుట - ఇంత సంరంభములో ఎక్కడనో దూరమున కురిసిన వాన సాయంకాలమునకు నా పుస్తకములో అంకెయై కూర్చుండును.

2024 సెప్టెంబరు 1వ తేదీనాటి వాన అట్టిదే. మున్నేరు పొంగి నందిగామ దాపున ఐతవరము కడ హైదరాబాదు రహదారిని ముంచివేసెను. కేసముద్రము ప్రాంతమున రైలుపట్టాల క్రింది మన్ను కొట్టుకొనిపోయెను. మరునాడు ప్రకాశము బ్యారేజినుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రాభిముఖమై పోయినది, ఆ బ్యారేజి కట్టిన తరువాత అంతటి ప్రవాహము లేదు. మహారాష్ట్రమునుండి రావలసిన లారీలు త్రోవలో నిలిచిపోయినవి. నిలిచిన లారీలోని ఉల్లి మాత్రము నిలిచియుండదు. టార్పాలిను క్రింద ఉడుకెక్కి, నల్లబూజు పట్టి, దిగునప్పటికి రాశిలో కొంత భాగము పారబోయుటకే పనికివచ్చును. ఆ నెల 13వ తేదీన కేంద్రప్రభుత్వము ఎగుమతికి విధించిన కనీసధరను తొలగించి, సుంకమును 40 శాతమునుండి 20 శాతమునకు తగ్గించుటతో బజారు మరింత వేడెక్కెను. మంచి సరుకు చేతనున్న రైతుకు అది మేలు. తడిసిన సరుకుతో వచ్చిన రైతు, ధర ఎంత పెరిగినను దాని నందుకొనలేక, మా కొట్టు అరుగుపై తలవంచుకొని కూర్చుండెను. అటువంటివాని చేతికి లెక్కకాగితము అందించుట గుమాస్తా పనులన్నింటిలోను కష్టమైనది. అంకెలలో తప్పు లేకున్నను చేయి వెనుకాడును.

ఏలూరినుండి తాడేపల్లిగూడెమునకు పాసింజరు రైలులో నేను పోవు దారి చిన్నదే. దెందులూరు, భీమడోలు, పూళ్ళ - ఈ స్టేషనుల మీదుగా పోవు ఆ పట్టాలకు ఉత్తరమున మెట్టభూములు, దక్షిణమున పల్లమై క్రమముగా కొల్లేటిలోనికి దిగిపోవు మాగాణులును చేపల చెరువులును ఉన్నవి. సోమవారములలో మా అమ్మాయి నాతోకూడ బయలుదేరును. అది వెంకట్రామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయములో చదువుచున్నది. పెఱికిన ఉల్లిని ఆకుతోనే కొన్ని దినములు నీడలో ఆరబెట్టినచో మెడ మూసుకొని కుళ్ళు లోపలికి పోదని దానివలననే నేను శాస్త్రీయముగా గ్రహించితిని. ఈ సంగతియే మా కొట్టులోని ముసలి దళారి ఏ శాస్త్రమును చదువక చెప్పుచుండెను. తాతగారు బ్రతికియున్నచో ఇది విని, గాలి ఆడు సంచి ఏదో, ఆడనిది ఏదో మనుమరాలికి బోధించియుందురని మేమిరువురము ఒకనాడు ఒకేసారి అనుకొంటిమి, ఆ తరువాత తాడేపల్లిగూడెము వచ్చువరకు మరేమియు మాటాడలేదు.

భీమడోలు స్టేషనులో దిగు జనులలో చాలమంది ద్వారకా తిరుమలకు పోవువారే. అచ్చటినుండి కొండ పదిహేను పదహారు కిలోమీటర్లకు మించదు. చిన్న తిరుపతియని మావారు పిలుచుకొను ఆ క్షేత్రమున ఒకే విమానముక్రింద రెండు ధ్రువమూర్తులు కలవు. స్వయంవ్యక్తమైన మూర్తికి వక్షస్థలమువరకే దర్శనము. పాదములు భూగర్భమున నున్నవని నమ్మిక. పాదసేవ లేక భక్తులకు తృప్తి కలుగదని ఋషులు వేడగా, ఆపాదమస్తకము దర్శనమిచ్చు రెండవ మూర్తి వెనుక ప్రతిష్ఠింపబడెనని స్థలపురాణము. అందుచేతనే యేటికి రెండు కల్యాణోత్సవములు, వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి. సగమే కనబడు దైవమును నమ్ముటతో తృప్తిపడక, పాదములకు నమస్కరింపనిదే తీరదని పట్టుబట్టిన ఆ భక్తుల హృదయము నాకు చాల ప్రియమైనది.

కాని ఏటిసూతకమున కొండ యెక్కరాదు. వైశాఖ కల్యాణమును, ఆశ్వయుజ కల్యాణమును రెండును ఆ యేట గడచిపోయినవి. భీమడోలులో రైలు ఆగిన ఆ రెండు నిమిషములును, తలనీలాలు మ్రొక్కుకొన్న పిల్లలను చంకనెత్తుకొని దిగు తల్లులను చూచుచు నేను కిటికీకడ కూర్చుండెడివాడను. ఈ నిషేధము అర్థరహితమని వాదించువారున్నారు. నాకట్లు తోచదు. దుఃఖమునకు ఒక యేడు గడువిచ్చి, ఆ యేడంతయు నిన్ను ఉత్సవములలోనికి ఈడ్వము, నీవు నవ్వనక్కరలేదు, కొత్తబట్ట కట్టనక్కరలేదు అని సంఘము మనుష్యునకు ఇచ్చు అనుమతిగా నేను దానిని గ్రహించితిని. నెలనెల తిథినాడు పురోహితునకు స్వయంపాకమిచ్చి, నాయనగారికి ఇష్టమైన కూర మా గృహిణి వండి విస్తరిలో పెట్టునప్పుడు, కొండపైని దర్శనమునకు ఇది తక్కువయని నా కెన్నడును అనిపింపలేదు.

ఇక కొల్లేటి సంగతి. మా అమ్మ పుట్టినిల్లు ఒక లంకగ్రామము. ఆ వానలకే బుడమేరు గట్టు మూడుచోట్ల తెగి విజయవాడలో సింగునగరము మునిగిన వృత్తాంతము దేశమంతయు ఎఱుగును. సెప్టెంబరు 7వ తేదీకి ఆ గండ్లను పూడ్చినారని విని అందరును ఊపిరి పీల్చుకొనిరి. విజయవాడను విడిచిన నీరు ఎక్కడికి పోవునో అడిగినవారు స్వల్పము. అది కొల్లేటికి వచ్చును. పట్టణములలో వీధులు ఆరుచుండగా కొల్లేటిలో నీరు పెరుగుచుండెను; ఏలూరు కైకలూరుల నడుమ రోడ్డుపైకి నీరెక్కి రాకపోకలు నిలిచెను. మా మేనమామకు అభయారణ్యపు హద్దుకు వెలుపల జిరాయితీ భూమిలో ఒక చేపల చెరువున్నది. శీలావతియు, బొచ్చెయు అప్పటికి పట్టుబడికి సిద్ధముగా నుండెను. గట్టుమీద వెదురుబొంగులు పాతి చుట్టును వలలు కట్టి, టార్చిలైట్లతో రాత్రులు కాపలా కాచినను, ఒక మూల గట్టు జారి చేపలో చాల భాగము వెడలిపోయినది. నేను ఫోను చేసినప్పుడు ఆయన, "వచ్చే యేటికి గట్టు మూరెడు లేపాలిరా అల్లుడూ, పొక్లెయిను దొరకాలి," అని మాత్రమే అనెను. ఓదార్చవలెనని ఎత్తిన ఫోనును పొక్లెయిను అద్దె గూర్చి మాటాడి పెట్టివేసితిని.

కొల్లేటి బాధ యంతయు ఒక్క విషయమున నున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవి గాక కృష్ణా గోదావరి డెల్టాల మురుగుకాలువలు, ఇన్ని దారుల నీరు అందు చేరును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. అదియు తిన్నగా పోదు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతమును చేరును. సముద్రము పోటుమీద నున్నప్పుడు ఆ నీటిని తీసికొనదు, వేసవిలో సరస్సు మట్టము తగ్గినప్పుడు తన యుప్పునీటినే వెనుకకు పంపును. దానికి తోడు ఏటిలో మేటవేసిన మన్ను, గుఱ్ఱపుడెక్క, ఇరుప్రక్కలనుండి మనుష్యుడు ముందుకు జరిపిన గట్లు. సముద్రమట్టమునకు పదియడుగుల ఎత్తువరకు నిండినప్పుడు కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు వ్యాపించును. అయిదడుగుల మట్టమువరకు గల 308 చదరపు కిలోమీటర్లను 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రాంసర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడెను. 2006లో లోపలి చెరువుల గట్లను తెగగొట్టిరి. అట్లు పోయిన చెరువులలో మా మేనమామ వాటా కూడ నొకటి ఉండెను. ఆయన ఆ నష్టమును మరువలేదు. అయినను ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టు ఋతువున ఏలూరినుండి చుట్టములెవరు వచ్చినను ముందుగా వానిని చూపుటకే తీసికొనిపోవును. పక్షులకును లంకవారికిని వైరమని వ్రాయు పత్రికలు ఈ మనుష్యుని చూడవలెను. నా యెఱుకలో లంకవారు ఎన్నడును పక్షులను నిందింపలేదు. వారు కోరునది ఉప్పుటేటిలో పూడిక తీయుమని, ప్రతి తొలకరికి ముందు గుఱ్ఱపుడెక్క తొలగింపుమని, ఉప్పునీరు ఎగదట్టకుండ అడ్డుకట్ట వేయుమని. ఇది న్యాయమైన కోరిక. సరస్సు బ్రతుకుటకును, లంక బ్రతుకుటకును ఆ పని ఒక్కటియే గనుక దీనిని వాయిదా వేయుటకు నాకు కారణము కనబడదు.

ఆ సెప్టెంబరులో రాత్రి పొద్దుపోయి ఇంటికి చేరినప్పుడెల్ల, ఒక సంసారమును కొల్లేటివంటిదేనని నాకు తోచుచుండెను. రైతు తడిసిన సరుకు ఒకవైపునుండి, కూతురి పరీక్షలు ఒకవైపునుండి, మేనమామ చెరువు, నాయనగారి ఖాళీకుర్చీ, ఇన్ని దారులనుండి వచ్చి చేరినది ఎటు పోవలెను? మాయింట అది పోవు దారిని చూపినది మా అమ్మ.

ఆమె చదువుకొన్నది స్వల్పము; స్తోత్రములు రావు. సాయంకాలము దీపము వెలిగించి, పుట్టింటినుండి తెచ్చుకొన్న పెద్దింట్లమ్మ పటము ముందు కూర్చుండి, ఆనాటి సమాచారమంతయు పైకి చెప్పును. "అమ్మా పెద్దింట్లమ్మ తల్లీ, ఎడ్లగాడి కాడ నీరు ఇంకో జానెడు పెరిగిందంట. మా తమ్ముడు రాత్రంతా గట్టు మీదే ఉన్నాడు. పిల్లకి ఎల్లుండి పరీక్ష. పెద్దోడికి కొట్లో లెక్కలు తెమల్లేదంట, అన్నం కూడా సరిగ్గా తినలా. ఇదీ తల్లీ సంగతి." ఇంతే. కాపాడుమని ఆమె అడుగదు, మ్రొక్కు మ్రొక్కదు, బేరము పెట్టదు. నాయనగారున్న దినములలో ఈ నివేదన నేను విననే లేదు. ఆ వేళకు మేము వసారాలో గోనెసంచుల గూర్చి మాటాడుకొనుచుండెడివారము. ఆయన పోయిన తరువాతనే, వసారాలో ఒంటరిగా కూర్చుండలేక లోపలికి వచ్చి గుమ్మమునకు చేరగిలి వినుట అలవాటయ్యెను. కొంతకాలమునకు, నేను రైలు దిగి వచ్చునప్పటికి ఆమె నివేదన ముగియకున్నచో, నన్ను చూచి, "ఈరోజు ఏం జరిగిందిరా, అదీ చెప్పు," అనసాగెను. నేను చెప్పిన మాటలనే తన మాటలలో అమ్మవారికి చెప్పును. రైతు పేరు అడుగును, ఊరు అడుగును. కర్నూలు జిల్లాలోని ఏ యూరి రైతో, తన ఉల్లి తడిసిన సంగతి ఏలూరిలోని ఒక దీపము ముందు ఊరుపేర్లతో సహా విన్నవింపబడినదని అతడెఱుగడు. విశ్వాసమనునది ఫలితములను కోరుటకు ఏర్పడినదని నేను బాల్యమునుండి తలంచుచుంటిని. మా అమ్మయొద్ద అది చెప్పుకొనుటకు ఏర్పడినది. చెరువు తెగిన దినమున కూడ ఆమె స్వరము మారలేదు. "గట్టు జారింది తల్లీ, చేప పోయింది," అని చెప్పి, కొంతసేపు ఊరకుండి, "నీకు తెలుసులే," అనెను. ఆ రాత్రి నేను చాలకాలమునకు నిద్రపోయితిని.

ఇది మా మతమునకే చెందిన భాగ్యమని నేననను. మా కొట్టులో ఉల్లి ఏరు స్త్రీలలో ఒకతె యేటేట క్రైస్తవ క్షేత్రమగు గౌరీపట్నము నిర్మలగిరికి నడిచిపోవును. పోయి ఏమి కోరుకొందువని అడిగినప్పుడు, "ఏం కోరుకుంటానండీ, చెప్పుకుని వస్తాను," అని మా అమ్మ పలికినట్లే పలికెను. వారిరువురును ఒకరినొకరు ఎఱుగరు.

ఫిబ్రవరిలో తణుకు ప్రాంతపు కోళ్ళకు బర్డ్‌ఫ్లూ అని తేలి గుడ్ల వ్యాపారులు దిగులుపడుచున్న దినములలో మాయింట సంవత్సరీకము జరిగెను. బంధువులు వచ్చిరి, పిండప్రదానమైనది, ఏటిసూతకము తీరెను. దుఃఖము తీరెనని కాదు. ఇక ఉత్సవములలోనికి పోవచ్చునని. మరికొన్ని దినములకు ఫాల్గునము ప్రవేశించినది, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర మొదలైనది. మా అమ్మ బాల్యమున తాటిదోనెలో నిలబడి పోయిన చోటికి ఇప్పుడు ఆటోలు పోవుచున్నవి. జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణము జరుగు ఆ దినములలో లంకలనుండియు, కృష్ణా గోదావరి జిల్లాలనుండియు వచ్చు జనులతో ఆ చిన్న ద్వీపము నిండిపోవును. ఏడాదిపాటు పటముతో మాటాడిన తల్లి మూలవిరాట్టు ముందు ఏమి చెప్పునో వినవలెనని నేను ఆమె ప్రక్కనే నిలుచుంటిని. ఆమె ఏమియు చెప్పలేదు. పొంగలి నైవేద్యము పెట్టి, మా అమ్మాయి చేత పసుపుకుంకుమలు ఇప్పించి, వెనుకనున్నవారికి దారి యిచ్చుటకై తొందరగా ప్రక్కకు తొలగెను. వెలుపలికి వచ్చిన తరువాత మా మేనమామను పట్టుకొని, ఈమారు చేపపిల్లను ఎక్కడ కొనుచున్నావు, తవుడు ధర ఎట్లున్నది, గట్టు ఎంత లేపించితివి అని ప్రశ్నలు కురిపించెను. గట్టు మూరెడు కాదు, మూరన్నర లేపించినానని ఆయన చెప్పుటకు ముందే ఆయన మొగము చెప్పెను.

2025లో ఉగాది మార్చి 30వ తేదీ ఆదివారము వచ్చినది. మరునాడు సోమవారము రంజాను పండుగ. ఆ సోమవారమే మా కొట్టు లెక్కలు ముగింపవలసిన 31వ తేదీ. ఇంట ఉగాది పచ్చడి ఒక్క యేడు తప్పి మరల నాలుకకు తగిలినది. మరునాడు జట్టు మేస్త్రీ ఇంటినుండి సేమియా పాయసము గిన్నెతో తెచ్చి ఆవర్జా ప్రక్కను పెట్టెను. ఆతని జట్టు ఆ యేడు మోసిన బస్తాల కూలి మొత్తమును నేను అప్పుడే కూడుచుంటిని. కూడిక ముగిసి, తరుగు గడిలోని మొత్తమును చూచినప్పుడు అది నిరుటికంటె పెద్దది. యజమాని దానిని చూచి ఏమియు అనక సంతకము చేసిరి.

వైశాఖ కల్యాణమునకు ద్వారకా తిరుమలకు పోవలెనని మా అమ్మ నిర్ణయించినది. మేనమామ చెరువులో పిల్ల వదలుట ఆ లోపల ముగిసినచో ఆయనయు, ఆయన కుటుంబమును భీమడోలు స్టేషనులో మాతో కలిసికొందురు. మహారాష్ట్రపు వేసవిపాయ దిగు దినములు అవియే గనుక కొట్టులో సెలవు దొరకుట కష్టము. రెండు దినములు అడిగితిని. ఒక దినమునకు యజమాని సరేననిరి. రెండవ దానికి సరుకు రాకను బట్టి చూతమనిరి.